ఉక్కునంటిన మైల

ఇనుము నీటితోను గాలితోను కలసి తుప్పు పట్టుననుట ఎఱుగనివారుండరు. నూతిలో జాఱిన చేద, వానలో మఱచిన గునపము, ఆఱుబయట విడిచిన నాగటి కఱ్ఱు, ఇవన్నియు కొలదికాలములోనే ఎఱ్ఱని పొడి రాల్చును. ఈ తుప్పువలన వస్తువు చెడును, గృహస్థునకు కొంత ధనము నష్టమగును; అంతటితో దాని కథ ముగియును. కాని కంటికి కనబడనంత పలుచని తుప్పు మనుష్యుల ఆరోగ్యమునకే ముప్పుగా పరిణమించు తావు ఒకటి కలదు. అది నీటితో చల్లార్చబడు అణు రియాక్టరు. అచ్చటి గొట్టముల లోపలి తుప్పు రేడియో ధార్మికమై, యంత్రము ఆగిన తరువాతను సంవత్సరముల తరబడి కిరణములను వెదజల్లుచుండును. ఆ మైల ఎట్లు పుట్టును, ఎట్లు ప్రయాణము చేయును, ఎక్కడ స్థిరపడును, దానిని వదలించుటకు శాస్త్రజ్ఞులేమి చేయుచున్నారు అను విషయములను మేమీ వ్యాసమున మా చదువరులకు తెలుపదలచితిమి. రసాయనశాస్త్రమున తొలి పాఠములు చదివిన బాలబాలికలకు ఇది కష్టముకాదు. ఆ శాస్త్రము చదువని తల్లిదండ్రులకును బోధపడునట్లు వ్రాయుటకు ప్రయత్నించితిమి.

ముందుగా రియాక్టరనగా నేమో చెప్పవలసియున్నది. 1938వ సంవత్సరమున బెర్లిను నగరమునందు ఆటో హాను, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞులు యురేనియముమీదికి న్యూట్రానులను సూక్ష్మకణములను పంపి, అందు బేరియము పుట్టుచున్నదని కనుగొనిరి. యురేనియము పరమాణువు రెండుగా చీలుటయే దీని అర్థమని లీజె మైట్నర్, ఆటో ఫ్రిష్ అనువారు వివరించిరి. పరమాణువు చీలినపుడు గొప్ప వేడిమి పుట్టును. మఱికొన్ని న్యూట్రానులును వెలువడి పక్కనున్న పరమాణువులను చీల్చును. ఈ వరుసను అదుపులో నుంచి నడపవచ్చునని 1942వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన చికాగో నగరమున ఎన్‌రికో ఫెర్మీయు ఆయన సహచరులును నిరూపించిరి. ఇట్లు అదుపులో నడచు పరమాణు కొలిమికే రియాక్టరని పేరు. 1957వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున షిప్పింగ్‌పోర్టు అనుచోట విద్యుచ్ఛక్తి కొఱకు నీటి రియాక్టరొకటి పనిచేయనారంభించెను. అటుపిమ్మట లోకమున కట్టబడిన విద్యుత్ రియాక్టరులలో అధికభాగము నీటితో చల్లార్చబడునవే.

ఇందు నీరు చేయు పని యేమి? యురేనియపు కడ్డీల నడుమగా ప్రవహించి, వాని వేడిమిని గ్రహించి, వెలుపలికి కొనిపోవుటయే. ఒక జాతి రియాక్టరులలో ఆ నీరు లోపలనే మరగి ఆవిరియై చక్రములను త్రిప్పును. రెండవ జాతిలో, వాతావరణపు ఒత్తిడికి సుమారు నూటయేబదిరెట్ల ఒత్తిడిచేత నీరు మరగకుండ ఆపబడి, మూడువందల డిగ్రీల సెంటిగ్రేడు వేడితో ఆవిరిజనక యంత్రమునకు పోవును. అచ్చట వేలకొలది సన్నని గొట్టముల గోడల మీదుగా తన వేడిని వేఱొక నీటికిచ్చి, తాను తిరిగి కొలిమిలోనికి వచ్చును. మూడవ జాతిలో సామాన్యజలమునకు బదులు భారజలము ఈ పనిని చేయును. ఏ జాతియైనను ఒకే నీరు రాత్రింబవళ్లు మరల మరల కొలిమి నడుమగా తిరుగుచుండుననుటను చదువరులు గుర్తుంచుకొనవలయును. మేము చెప్పబోవు కథకంతకు ఇదియే మూలము.

యురేనియము చీలగా మిగిలిన బూడిద మిక్కిలి భయంకరమైన రేడియో ధార్మిక పదార్థము. అయితే అది జిర్కోనియమను లోహముతో చేసిన గొట్టములలో గట్టిగా మూయబడియుండును. గొట్టము చిల్లిపడనంతవఱకు ఆ బూడిద నీటిలో కలియదు. మఱి నీటి గొట్టములు, పంపులు, కవాటములు మొదలైనవి కొలిమికి చాల దూరమున నున్నను కిరణములను వెదజల్లుటకు కారణమేమి?

నీటినే మొదట అనుమానింతము. నీటిలో ఆమ్లజని కలదు. వేగముగల న్యూట్రాను తగిలినపుడు ఆమ్లజని పరమాణువు నత్రజనిగా మాఱును. ఈ నత్రజని సామాన్యమైనది కాదు. తీవ్రమైన గామా కిరణములను విడుచునది. కాని దాని అర్ధజీవిత కాలము ఏడు సెకనులు మాత్రమే. అనగా ప్రతి ఏడు సెకనులకు దాని పరమాణువులలో సగము నశించును. కావున రియాక్టరు ఆపిన పిదప ఒక నిమిషములో ఈ నత్రజని మున్నూఱవ వంతునకు తగ్గును. రెండు నిమిషములలో లక్షవ వంతుకంటె తక్కువ మిగులును. కొలిమి ఆగి, దినములు గడచిన తరువాత మరమ్మతు చేయుటకు లోపలికి పోవు పనివానికి హానిచేయునది ఈ నత్రజని కాజాలదు. అసలు అపరాధి వేఱొకచోట నున్నది. అది గొట్టపు గోడయే.

ఈ గోడలను చేయుటకు వాడునది తుప్పుపట్టని ఉక్కని పేరుపొందిన స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందు ఇనుము సుమారు నూటికి డెబ్బదిపాళ్లు, క్రోమియము పదునెనిమిది పాళ్లు, నికెలు ఎనిమిది పాళ్లు ఉండును. ఆవిరిజనక యంత్రపు సన్నని గొట్టములకు నికెలు మఱింత హెచ్చుగా గల మిశ్రమలోహములను వాడుదురు. తుప్పుపట్టని ఉక్కను పేరు కొంతవఱకే నిజము. మన వంటింటి గిన్నె మెఱయుచున్నను దానిమీద కంటికి కనబడని ఆక్సైడుపొర యొకటి ఉండనే యున్నది. ఆ పొరయే లోహమును కాపాడుచున్నది. మూడువందల డిగ్రీల నీటిలో ఈ పొర మెల్లమెల్లగా దళసరి యగును. అప్పుడది రెండు అంతస్తులుగా నేర్పడును. లోహమును అంటియున్న లోపలి అంతస్తు క్రోమియము అధికముగా గలది, బిగువైనది. నీటివైపు నున్న పై అంతస్తు ఇనుము అధికముగా గల నల్లని స్ఫటికములతో కూడినది. ఈ నల్లని ఆక్సైడు మన పూర్వులు సూదంటురాయి యని పిలిచిన ఖనిజపు జాతిదే. రెండంతస్తులు కలసినను దళసరి సామాన్యముగా కొన్ని మైక్రానులు మాత్రమే. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను.

ఇంత పలుచని పొరవలన ఏమగునని చదువరులు అడుగవచ్చును. దానికొక చిన్న లెక్క చేసి చూపెదము. ఒక పెద్ద రియాక్టరునందు నీరు తాకు లోహపు వైశాల్యము పదివేల చదరపు మీటర్లు అనుకొందము. ఆ వైశాల్యమంతట నొక్క మైక్రాను లోతు లోహము తుప్పుపట్టెననుకొన్నచో, చెడిన లోహము పది లీటర్ల పరిమాణమగును. లీటరు ఉక్కు సుమారు ఎనిమిది కిలోగ్రాములు తూగును. కావున మొత్తము ఎనుబది కిలోగ్రాములు. ఆ లోహమున వేయిపాళ్లకు అరపాలు కోబాల్టు కలసియున్నచో, ఎనుబది కిలోగ్రాములలో నలువది గ్రాముల కోబాల్టు ఉండును. తుప్పంతయు నీటిలో కలియదు. కలిసినదంతయు కొలిమిలో నిలువదు. అయినను ఈ నలువది గ్రాములను చదువరులు మనస్సునం దుంచుకొందురుగాక.

ఇప్పుడు తుప్పు ప్రయాణమును వర్ణింతము. పై అంతస్తునుండి ఇనుము, నికెలు, కోబాల్టు మిక్కిలి స్వల్పముగా నీటిలో కరగును. కొంత పొడియై రాలును. ప్రవాహము వానిని కొలిమిలోనికి తీసికొనిపోవును. ఉప్పునీరు కాచు కాగు లోపల తెల్లని చెక్కు కట్టుట మనమందఱము చూచినదే. అట్లే వేడియైన ఇంధనపు గొట్టములమీద ఈ తుప్పు చెక్కుగా కట్టును. రియాక్టరు పనివారు దీనిని క్రడ్డు అందురు. కెనడా దేశపు చాక్ రివర్ పరిశోధనాలయమున తొలుత కనబడిన గుర్తుతెలియని మడ్డి యను అర్థముగల ఆంగ్లపు మాటల మొదటి అక్షరములనుండి ఆ పేరు వచ్చినదని కొందఱు చెప్పుదురు. చెక్కు ఇంధనముమీద నున్నంతకాలము న్యూట్రానుల వర్షము దానిపై కురియుచునే యుండును. అప్పుడు అందలి పరమాణువులు కొన్ని న్యూట్రానులను మ్రింగి రేడియో ధార్మికము లగును. కొన్ని దినములకో నెలలకో ఆ చెక్కు మరల కరగియో రాలియో నీటితో వెలుపలికి వచ్చి, దూరపు గొట్టముల గోడలమీద చేరును. వెళ్లునపుడు సాధువైన తుప్పు, వచ్చునపుడు కిరణములను చిమ్ము తుప్పు అగుచున్నది.

ఈ తుప్పునందలి రేడియో ధార్మిక పదార్థములు పలువిధములు. క్రోమియమునుండి పుట్టిన క్రోమియము 51కి అర్ధజీవిత కాలము 28 దినములు. ఇనుమునుండి పుట్టిన ఇనుము 59కి 45 దినములు, మాంగనీసు 54కి 312 దినములు. నికెలులో మూడింట రెండువంతులుగా నుండు నికెలు 58, వేగముగల న్యూట్రానువలన కోబాల్టు 58గా మాఱును. దాని అర్ధజీవిత కాలము 71 దినములు. వీనినన్నిటిని మించినది కోబాల్టు 60. ప్రకృతిలో దొఱకు కోబాల్టంతయు కోబాల్టు 59 అను ఒకే జాతిది. అది న్యూట్రానును మిక్కిలి సులభముగా మ్రింగి కోబాల్టు 60 అగును. దీనిని 1938వ సంవత్సరమున అమెరికాలో జాన్ లివింగుడ్, గ్లెన్ సీబోర్గ్ అనువారు కనుగొనిరి. దీని అర్ధజీవిత కాలము 5.27 సంవత్సరములు. ఇది నశించునపుడు ప్రతి పరమాణువును రెండేసి బలమైన గామా కిరణములను విడుచును. ఒక్క గ్రాము శుద్ధమైన కోబాల్టు 60లో సెకనునకు సుమారు 42 లక్షల కోట్ల పరమాణువులు ఇట్లు నశించుచుండును. కావుననే మేము నలువది గ్రాముల లెక్కను గుర్తుంచుకొనుమంటిమి. అందు అతిస్వల్పభాగము కోబాల్టు 60గా మాఱినను కీడు అల్పము కాదు.

అర్ధజీవిత కాలముల భేదమును చదువరులు జాగ్రత్తగా గమనింపవలయును. పది అర్ధజీవిత కాలములు గడచినచో ఏ పదార్థమైనను సుమారు వేయవవంతు మిగులును. కోబాల్టు 58 ఈ స్థితికి రెండు సంవత్సరములలో వచ్చును. కోబాల్టు 60 రావలెనన్నచో ఏబదిమూడు సంవత్సరములు కావలయును. అనగా పనిలో చేరిన యువకుడు వృద్ధుడై విశ్రాంతి పొందిన పిమ్మట గాని అది అడగదు. వేచియుండుట ఇచ్చట ఉపాయము కాదు.

కోబాల్టును ఎవరును కావలెనని ఉక్కులో కలుపలేదు గదా, అది ఎట్లు వచ్చెనని అడుగవచ్చును. రెండు దారులు కలవు. భూమిలో నికెలు, కోబాల్టు తోబుట్టువులవలె కలసి దొఱకును. ఎంత శుద్ధి చేసినను నికెలు వెంట కొంత కోబాల్టు వచ్చును. రెండవదారి కవాటములు. నిత్యము ఒరసికొను కవాటపు అంచులు అరుగకుండుటకు స్టెల్లైటు అను మిశ్రమలోహపు పూత వేయుదురు. ఇందు సగమునకు మించి కోబాల్టే. అంచు అరిగినకొలది ఆ పొడి నీటిలో కలియును. కవాటమును కాపాడుటకు వేసిన పూతయే మనుష్యునకు కీడైనది.

గోడమీద చేరిన మైలను గుడ్డతో తుడిచివేయరాదా యన్నచో, అది అట్టిది కాదు. బట్టకు పట్టిన ధూళికిని, బట్టలో ఇంకిన నీలిరంగునకును గల భేదమే ఇచ్చట గలదు. ఆక్సైడు స్ఫటికము పెరుగునపుడు అందు ఇనుము, నికెలు, క్రోమియము వరుసలు తీర్చి కూర్చుండును. కోబాల్టు గుణమునందును పరిమాణమునందును నికెలునకు సమీపపుది గనుక, నీటిలో కరగియున్న కోబాల్టు 60 ఆ వరుసలలోనే తానును చోటు సంపాదించుకొనును. కావున స్ఫటికమును కరగించిన గాని కోబాల్టు వెలుపలికి రాదు.

దీనివలన బాధపడువారెవరు? రియాక్టరు నడచుచున్నపుడు మనుష్యుడు ఆ గదులలోనికి పోడు. ఆగినపుడు కవాటములు విప్పుటకు, అతుకులు పరీక్షించుటకు, ఆవిరిజనక యంత్రపు గొట్టములను చూచుటకు పనివారు పోవలయును. నీటి రియాక్టరులలో పనివారు పొందు కిరణముల మోతాదులో పెద్దభాగము ఇట్టి మరమ్మతుల వేళనే, ఈ తుప్పువలననే కలుగుచున్నది. ప్రకృతినుండియే లోకమున ప్రతి మనుష్యునకు సగటున సంవత్సరమునకు 2.4 మిల్లీసీవర్టుల మోతాదు వచ్చుచుండును. మన దేశమునందు అణుశక్తి నియంత్రణ మండలి విధించిన నియమము ననుసరించి, రియాక్టరు పనివానికి ఐదు సంవత్సరముల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క యేటనైనను 30 మిల్లీసీవర్టులు మించరాదు. గొట్టములమీద మైల హెచ్చినచో ఒక పనివాడు ఈ హద్దును త్వరగా చేరును. ఒకడు చేయు పనిని పలువురు వంతులు వేసికొని చేయవలసివచ్చును. సీసపు పలకలు అడ్డుపెట్టుదురు. ఒకటింబావు సెంటిమీటర్ల సీసము కోబాల్టు 60 కిరణములను సగము చేయును. అయినను ఇఱుకైన గొట్టముల సందులలో అడ్డుపెట్టుటకు చోటు దొఱకుట దుర్లభము.

ఈ విషయమున తొలితరమువారికి పాఠము నేర్పిన కేంద్రములలో కెనడా దేశపు డగ్లస్ పాయింట్ ఒకటి. హ్యూరాను సరస్సు తీరమున నున్న ఈ భారజల రియాక్టరు 1968వ సంవత్సరమున విద్యుచ్ఛక్తి సరఫరాలో ప్రవేశించి 1984లో మూయబడెను. దాని తొలి సంవత్సరములలోనే గొట్టముల చుట్టు కిరణముల బలము తలచినదానికంటె అధికమయ్యెను. విచారింపగా కోబాల్టు 60 ముఖ్య కారణమని తేలెను. తరువాత కట్టిన రియాక్టరులలో ఏయే లోహమున ఎంత కోబాల్టు ఉండవచ్చునో ముందుగనే హద్దులు నిర్ణయించిరి. ఈ కథకు మన దేశముతో సంబంధము కలదు. రాజస్థానమునందు 1973లో పనికివచ్చిన మొదటి రియాక్టరు డగ్లస్ పాయింట్ నమూనాననుసరించి కట్టబడినదే. మద్రాసు సమీపమున కల్పాక్కమునందు 1980ల దశాబ్దిలో లేచినవియు ఆ కుటుంబమునకు చెందినవే. వీనిలో ఆవిరిజనక గొట్టములకు మోనెలను లోహము వాడిరి. అందు మూడింట రెండువంతులు నికెలు. నరోరానుండి కట్టిన తరువాతివానిలో, నికెలు మూడవవంతు మాత్రమే గల ఇంకాలాయి అను లోహమును వాడిరి. ఈ భారజల రియాక్టరులకు యురేనియపు కట్టలను తయారుచేయు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు 1971లో స్థాపింపబడినది మన హైదరాబాదుననే. 220 మెగావాట్ల రియాక్టరులకు పోవు అరమీటరు పొడవు కట్టలో 19 కడ్డీలుండును. తుప్పు వచ్చి చెక్కు కట్టునది అచ్చట తయారైన జిర్కోనియపు తొడుగులమీదనే.

ఇక నివారణోపాయములు. మొదటిది, మూలముననే అరికట్టుట. కోబాల్టు తక్కువగా గల ఉక్కును ఎన్నుకొనుట, స్టెల్లైటునకు బదులు ఇనుముతోను నికెలుతోను చేసిన గట్టిపూతలను వాడుట, గోడలను నున్నగా మెఱుగుపెట్టుట ఇందులో చేరును. మెఱుగుపెట్టిన గోడమీద మైల తక్కువగా పట్టును.

రెండవది, నీటి గుణమును సరిచూచుకొనుట. మరగని నీటి రియాక్టరులలో న్యూట్రానుల సంఖ్యను అదుపుచేయుటకు బోరికామ్లము కలుపుదురు. ఆమ్లము ఉక్కును తినును గనుక, దానికి విరుగుడుగా లిథియము హైడ్రాక్సైడను క్షారమును కొలదిగా చేర్చుదురు. ఈ క్షారపు పాలు తగినంత యున్నచో ఒక మేలు గలుగును. సామాన్యముగా ఆమ్లగుణము గల నీటిలో ఆక్సైడు చల్లనిచోట కరగి వేడిచోట, అనగా ఇంధనముమీద, దిగును. తగిన క్షారగుణమున్నచో ఈ నడక తలక్రిందులై, వేడిచోట కరగి చల్లనిచోట దిగును. తుప్పు కొలిమిలో నిలువనిచో అది రేడియో ధార్మికము కానేరదు. ఇదిగాక కిరణములవలన నీరు చీలి పుట్టు ఆమ్లజనిని హరించుటకు నీటిలో ఉదజని వాయువును కలుపుదురు.

మూడవ ఉపాయము చమత్కారమైనది. నీటిలో మిక్కిలి కొలదిగా, నూఱుకోట్ల పాళ్లకు కొన్ని పాళ్లు మాత్రమే, జింకు కలుపుదురు. విందులో బంతి నిండిన తరువాత వచ్చినవానికి విస్తరి దొఱకనట్లు, స్ఫటికపు వరుసలలో జింకు ముందుగా కూర్చుండుటచే కోబాల్టునకు చోటు దొఱకదు. పొరయు పలుచనగును. 1980ల దశాబ్ది చివర అమెరికాలోని మరగునీటి రియాక్టరులలో దీనిని మొదలుపెట్టిరి. అందును ఒక చిక్కు కలిగెను. ప్రకృతిలోని జింకులో దాదాపు సగము జింకు 64. అది న్యూట్రానును మ్రింగి 244 దినముల అర్ధజీవిత కాలముగల జింకు 65 అగును. మైలను మాన్పబోయి వేఱొక మైలను తెచ్చుకొన్నట్లాయెను. అందుచే జింకు 64ను వేఱుచేసి తీసివేసిన జింకునే ఇప్పుడు వాడుచున్నారు.

నాలుగవది, పట్టిన మైలను కడుగుట. మన ఇండ్లలో ఇత్తడి బిందెలను చింతపండుతో తోముదురు గదా; చింతపండు పులుపు చిలుమును కరగించుటచే బిందె మెఱయును. రియాక్టరు గొట్టములను కడుగుటయు ఇట్టిదే. నిమ్మపండులోని సిట్రికామ్లము, ఆక్సాలికామ్లము మొదలైన పులుపులు ఇనుపపొరను కరగించును. కాని క్రోమియము గల లోపలి అంతస్తు పులుపునకు లొంగదు. దానికి ముందుగా పర్మాంగనేటు పట్టింపవలయును. కలరా దినములలో నూతులయందు వేయు ఊదారంగు మందు జాతిదే ఇది. అది క్రోమియమును నీట కరగు రూపమునకు మార్చును. పిమ్మట పులుపు తన పనిని చేయును. భారజలము మిక్కిలి విలువగలది గనుక పాఱబోయ వీలులేదు. కావున 1970ల దశాబ్దిలో కెనడావారు, లీటరునకు సుమారు ఒక గ్రాము మందును ఆ నీటిలోనే కలిపి, కరగిన మైలను వడపోత రెసినులలో పట్టి, నీటిని మరల వాడుకొను పద్ధతిని కల్పించిరి. చక్కగా జరిగినచోట కిరణముల బలము ఐదవవంతునకో పదవవంతునకో తగ్గును.

ఈ పనియు సులభము కాదని మన దేశపు అనుభవమే చెప్పుచున్నది. మన భారజల రియాక్టరులలో కొన్నిటిని కడిగినపుడు, తుప్పుతోపాటు ఆంటిమొని అను మఱియొక పదార్థమును వెలువడెను. పంపుల బిగింపు భాగములలోని బొగ్గునందు చేర్చిన ఆంటిమొనియే దానికి మూలము. దాని అర్ధజీవిత కాలము 60 దినములు. అది రెసినునకు చిక్కక, అప్పుడే శుభ్రమై తేరిన ఉక్కుమీద తిరిగి కూర్చుండెను. కోబాల్టు పోయినను కొన్ని తావుల కిరణముల బలము తగ్గకపోవుటయో హెచ్చుటయో సంభవించెను. కల్పాక్కములోని భాభా పరిశోధన కేంద్రపు జల రసాయన శాఖవారు దీనిని పరిశీలించి, ఆంటిమొనిని ఉక్కుమీద దిగనీయని మార్గములను వెదకిరి. ఎంత చిన్న భాగమునందు ఏ లోహము చేరినదో ముందుగా విచారించుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట ఒక సంగతిని స్పష్టముగా చెప్పవలయును. పులుపులచేతగాని మందులచేతగాని రేడియో ధార్మికత నశింపదు. చింతపండు చిలుమును బిందెనుండి విడదీయును గాని రాగిని లేకుండ చేయజాలదు. అట్లే కడుగుటవలన కోబాల్టు గొట్టమునుండి రెసినులోనికి మాఱును, అంతియే. ఆ రెసినును భద్రపఱచి, పరమాణువులు తమంతట తాము నశించువఱకు కనిపెట్టియుండవలయును. మనుష్యుడు మసలు తావునుండి మసలని తావునకు కీడును మార్చుటయే ఈ శుభ్రతకు అర్థము.

కోబాల్టు 60ను కేవలము శత్రువుగా తలపరాదు. 1951వ సంవత్సరము అక్టోబరు నెలలో కెనడాలోని లండను నగరమునందు ఒక ఆసుపత్రిలో పుట్టకురుపు రోగికి కోబాల్టు 60 కిరణములతో చికిత్స చేసిరి. ఆ కోబాల్టు తయారైనది, క్రడ్డను పేరు తెచ్చిపెట్టినదని చెప్పు ఆ చాక్ రివర్ రియాక్టరుననే. నాటినుండి అసంఖ్యాకులైన రోగులు ఈ కిరణములవలన ఉపశాంతి పొందిరి. సీసపు పెట్టెలో నుంచి, వైద్యుడు కోరినంతసేపు కోరినచోటికి పంపిన కోబాల్టు మందు. ఎవరును కోరకయే గొట్టపు గోడలో చేరిన కోబాల్టు మైల.

మేము చెప్పిన దానిని సంగ్రహించినచో ఇట్లుండును. రియాక్టరు మరమ్మతులలో పనివానికి కలుగు కీడులో పెద్దభాగము యురేనియమునుండి కాదు, ఉక్కునుండి వచ్చుచున్నది. ఆ ఉక్కులోను వేయిపాళ్లలో అరపాలైన కోబాల్టునుండి, కవాటపు అంచుమీద పూసిన పూతనుండి, పంపులోని చిన్న బిగింపునుండి వచ్చుచున్నది. లోహమును కరగించు వేళ కొలిమివాడు చూపు శ్రద్ధ, నీటిని దినదినము పరీక్షించు రసాయనికుని ఓర్పు, ముప్పది సంవత్సరముల తరువాత ఆ గదిలోనికి పోవు ఎవరో పనివాని శరీరమును కాపాడును. ఆ పనివానిని వారు చూడలేదు, చూడబోరు. అయినను వారి పని అతనిని తప్పక చేరును. మా విద్యార్థులలో లోహశాస్త్రమునో రసాయనశాస్త్రమునో ముందు చదువగోరువారు కొందఱుందురు. తూనికలో వేయవవంతు తేడాను తృణీకరింపకుండుట వారు ఇప్పటినుండియే ప్రయోగశాలయందు అలవరచుకొందురుగాక యని మా కోరిక.